ఇరవైమూడో పెట్టె

జహ్రాలో మా బాబా ఇంటి వెనకాల
ఒంటెలకని కట్టిన కొట్టం
ఇప్పుడు పాముల గది.
బయట యాభై డిగ్రీల ఎండ,
లోపల ముప్పై రెండు.
ఒక్క గీటు దాటితే మీటరు కూస్తాది,
నేను పరిగెత్తాల.

వంటకని వచ్చినదాన్ని.
గడ్డకట్టిన ఎలుకల్ని వేణ్ణీళ్లలో వేసి
మెత్తబరిచే పని
ఇకామాలో ఎవరూ రాయలేదు.

సొరుగుల మాదిరి అరవై పెట్టెలు.
ఇంటి చిన్నోడు ముసాయిద్
ఒక్కోదాని మీదా నంబరు రాస్తాడు,
కింద అమ్మ నంబరు, నాయన నంబరు.
నాకు వచ్చేది అంకెలే.
ఆ గదిలో అంకెలు చాలు.

ఏడు: పసుపు ముద్ద లాంటోడు, ఎర్ర కండ్లు.
వాని కోసం ముసాయిద్ ఒక కారు అమ్మినాడంట.
పదకొండు ఏడు కూతురు.
ఏడుకీ పదకొండుకీ పుట్టింది ఇరవైమూడు.
మట్టిరంగు పిల్ల. లోపల నాయన రంగు
దాక్కోనుందంట.
అది బయటపడాలంటే
మళ్లా ఏడు దగ్గరికే పంపాలంట.

"నాయన దగ్గరికా?" అన్నా.
"పాముకి నాయన తెలీదు, రెడ్డెమ్మా"
అని నవ్వినాడు.
నేను వేలితో గీతలు లాక్కుంటా పోయినా.
ఏ పెట్టె పట్టుకున్నా
ఏడులోనే పోయి పడతాండాది.

పదకొండు పోయినేడు ఆరు గుడ్లు పెట్టింది.
రెండు కుళ్లిపాయ.
ఒకదానికి వెన్ను ముడి పడింది.
ఒకదానికి కండ్లుండాల్సిన చోట
నున్నటి చర్మం.
మిగిలిన రెండూ పసుపు,
ఒక్కోటి నాలుగొందల దీనార్లు.
కండ్లు లేనిదాన్ని ఫ్రీజర్లో పెట్టమన్నాడు.
బఠానీల సంచి పక్కన పెట్టినా.
ఆ రాత్రి బఠానీ కూర చేయమంటే
అయిపోయినాయని చెప్పినా.

ఈడ మామా అంటే ఇంటి యజమానురాలు.
ఆడ మామా అంటే నా మొగుడు,
మా అమ్మకు సొంత తమ్ముడు.
గోత్రం వేరే, తప్పు లేదన్నారు.
మా పెద్దోడు వినడు, పలకడు.
తొమ్మిదేండ్లు, ప్రతి నాగులచవితికీ
పుట్టమన్ను తెచ్చి వాని చెవులకు రాసినా.
ఈడికి వచ్చినాకే తెలిసింది,
పాముకి చెవులుండవు.

చలికాలం. ముసాయిద్ ఎడారిలో గుడారాలకి పోతా
"ఏడుని ఇరవైమూడులో వెయ్" అని చెప్పి పోయినాడు.
ఆ వారమే అమ్మ ఫోను.
"ప్రసన్నకు పద్దెనిమిది నిండినాయి.
మన ఓబులేసు ఉండాడు కదే,
నీ తోడబుట్టినోడు, బయటోళ్ల గుమ్మం ఎందుకు?
మన రక్తం మనింట్లోనే తిరగాల."
వెనకాల మిక్సీ చప్పుడు.
పెద్దోడు ఊరికే స్విచ్చి వేసి
దాని మీద అరచెయ్యి పెట్టుకొని ఉంటాడు.
ఆ అదురంటే వానికిష్టం.
"అమ్మా, బ్యాలెన్సు అయిపోతాంది" అన్నా.
అయిపోలేదు.

నలభైలో ఒక ముసలోడుండాడు.
ఎవరో ఫ్లాటు ఖాళీ చేస్తా వదిలేసి పోయిన పాము.
అమ్మ గడిలో అడ్డగీత, నాయన గడిలో అడ్డగీత.
ముక్కు మీద ఎలుక కొరికిన మచ్చ.
వాణ్ణి రెండు చేతులతో ఎత్తి
ఇరవైమూడులో వదిలినా.
పుస్తకంలో మాత్రం ఏడు అని రాసినా.
నా చేతిరాత ఎప్పుడూ అంత కుదురుగా రాలేదు.

జూన్‌లో గుడ్లు చీలినాయి.
అయిదుకి అయిదూ మట్టిరంగు.
ముడి లేదు, వంకర లేదు,
పది కండ్లూ నన్నే చూస్తాండాయి.
ఒకటి ఎగిరి నా బొటనవేలు పట్టింది,
గురి తప్పకుండా.

ముసాయిద్ తలకాయ పట్టుకున్నాడు.
ఒక్కోటి పది దీనార్లు కూడా రావంట.
సగమన్నా పసుపు రావాలంట,
ఒక్కటీ రాకపోవడం
ముప్పై కాన్పుల్లో ఒకసారి జరిగితే జరుగుతాదంట.
పుస్తకం తిప్పినాడు.
నలభై పెట్టె దిక్కు చూసినాడు.
నా దిక్కు చూసినాడు, చానాసేపు.
ఏమీ అనకుండా ఏసీ తగ్గించి పోయినాడు.

కొంగులో ఫోను అదిరింది. అమ్మ.
బొటనవేలు మీద రెండు నెత్తుటి చుక్కలు.
తుడుచుకోకుండానే
పచ్చ గుండీ నొక్కినా.